గోధుమరంగు బిళ్ళల గొడవ

అమెరికన్ రాక్ బృందం వాన్ హేలెన్ 1982లో కచేరీ నిర్వాహకులకు పంపిన షరతుల పత్రం 53 పేజీలు. తినుబండారాల జాబితాలో చిప్స్, పల్లీల పక్కనే ఎం అండ్ ఎమ్స్ అనే రంగు రంగుల చాక్లెట్ బిళ్ళలు అడిగారు. మన జెమ్స్ బిళ్ళల్లాంటివే. అయితే గోధుమరంగువి ఒక్కటి కూడా కనిపించకూడదట! ఎవరో ఒకరు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వాటిని ఏరి పారేయాలి. డబ్బు చేసిన తలబిరుసుకు ఇంతకన్నా రుజువేం కావాలని చాలాకాలం లోకం నవ్వుకుంది.

కచేరీల వ్యాపారంలో ఈ పత్రాన్ని రైడర్ అంటారు. తేదీ, పారితోషికం అసలు ఒప్పందంలో ఉంటాయి. వేదిక ఎంత బరువు మోయాలి, కరెంటు ఎంత కావాలి, కాపలా ఎవరిది, భోజనం ఏమిటి లాంటివన్నీ దానికి జతచేసే రైడర్‌లోకి వస్తాయి. 1965లో న్యూయార్క్ షే స్టేడియంలో 55 వేల మందికి పైగా జనం ముందు బీటిల్స్ పాడినప్పుడు స్టేడియం సొంత మైకుసెట్టును కూడా వాడుకోవాల్సి వచ్చింది. అరుపుల్లో పాట వినపడితే ఒట్టు. తర్వాతి పదేళ్ళలో బృందాలు తమ స్పీకర్లు, లైట్లు తామే లారీల్లో వేసుకుని ఊరూరా తిరగడం మొదలుపెట్టాయి. సామాను పెరిగేకొద్దీ రైడర్లో పేజీలూ పెరిగాయి.

రాక్ గాయకుడు చక్ బెర్రీకి ఇంత సామాను లేదు. గిటారొక్కటి పట్టుకుని వచ్చేవాడు. పక్కవాద్యాలకు స్థానికులనే పెట్టమనేవాడు. డబ్బు నోట్ల రూపంలో చేతిలో పడ్డాకే వేదిక ఎక్కేవాడు. నిర్వాహకుల చేతుల్లో మోసపోయి నేర్చుకున్న జాగ్రత్త ఇది. ఆ నోట్ల అలవాటే ఆయనకు తలనొప్పి కూడా తెచ్చింది. 1979లో ఆదాయపు పన్ను కేసులో జైలుకు వెళ్ళాడు. అరీతా ఫ్రాంక్లిన్ కూడా పారితోషికం ముందే నోట్లుగా పుచ్చుకుని, ఆ డబ్బున్న హ్యాండ్‌బ్యాగును కళ్ళెదుట పెట్టుకుని పాడేది. హాల్లో ఏసీ ఆపమనేది. చల్లటి పొడిగాలికి గొంతు ఆరిపోతుందని ఆమె భయం. చెమటలు కక్కుతూ కూర్చున్న శ్రోతలకది పొగరుగా కనిపించి ఉండవచ్చు. గొంతే జీవనాధారమైన మనిషికి మాత్రం కాదు.

ఇక వాన్ హేలెన్. ఆ బృందం గాయకుడు డేవిడ్ లీ రాత్ 1997లో రాసిన ఆత్మకథలో తన వాదన వినిపించాడు. అప్పట్లో మామూలు బృందాలు మూడు పెద్ద లారీలతో సరిపెట్టుకుంటుంటే తాము తొమ్మిది లారీల సామానుతో చిన్న ఊళ్ళకు వెళ్ళేవాళ్ళమన్నాడు. కొన్నిచోట్ల దూలాలు ఆ బరువు ఆపలేవు, కొన్నిచోట్ల నేల కుంగుతుంది, ఇంకొన్నిచోట్ల తలుపుల్లోంచి సామాను పట్టదు. అందుకే సాంకేతిక షరతుల మధ్య ఈ బిళ్ళల నిబంధన ఇరికించారట. గ్రీన్‌రూమ్‌లో గిన్నె చూడగానే గోధుమరంగు బిళ్ళ కనిపించిందంటే అవతలివాళ్ళు పత్రం చదవలేదన్నమాట. ఇక ఏర్పాట్లన్నీ మొదటినుంచీ తనిఖీ చేయాల్సిందే.

కొలరాడోలోని ప్యూబ్లోలో అదే జరిగిందంటాడు. అక్కడి విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ హాల్లో కొత్తగా వేసిన రబ్బరు నేల వేదిక బరువుకు కుంగింది. నష్టం 80 వేల డాలర్లు. గిన్నెలో గోధుమరంగు చూసిన రాత్ గ్రీన్‌రూమ్‌ను ధ్వంసం చేశాడు. అది మరో 12 వేలు. పత్రికలు మాత్రం మొత్తం నష్టాన్ని బిళ్ళల ఖాతాలోనే వేసేశాయి. పుకారు బాగుందని తనూ కాదనలేదట.

ఇక్కడ రెండు సంగతులు నాకు మింగుడుపడవు. బయటపడిన 1982 పత్రంలో ఆ హెచ్చరిక కరెంటు లెక్కల మధ్య నక్కి లేదు. తినుబండారాల జాబితాలో అందరికీ కనబడేలా ఉంది. తిండి సంగతి చూసేవాడొకడు, వేదిక కట్టేవాడొకడు అయినప్పుడు గిన్నె శుభ్రంగా ఉన్నంత మాత్రాన దూలం గట్టిదని ఎలా నమ్ముతాం? రెండోది, గది ధ్వంసం చేయడంలో క్రమశిక్షణ ఎక్కడుంది?

పరీక్షగా ఉపాయం తెలివైనదే. పైసా ఖర్చు లేదు, ఒక్క చూపుతో ఫలితం తెలుస్తుంది. కానీ గిన్నె గ్రీన్‌రూమ్‌కు చేరేది కచేరీ రోజునే. ప్యూబ్లోలో నేలను కాపాడగలిగింది బరువు లెక్కలు రాసిన పేజీ ఒక్కటే. దాన్ని ఎవరూ చదవలేదు.