రాపమైసిన్ (వృద్ధాప్య పరిశోధన)

తిండి తగ్గించకుండానే మితాహారపు మేలును శరీరానికి అందించగల మందుల కోసం సాగే అన్వేషణలో జంతువులపై అత్యంత బలమైన ఫలితాలు చూపినవాటిలో రాపమైసిన్ ఒకటి. పోషకాలు లోపించకుండా ఆహారం తగ్గిస్తే ఎలుకల ఆయుష్షు పెరుగుతుందని కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెక్కే బృందం 1935లోనే చూపింది. జీవితాంతం అలా తినడం మనిషికి దాదాపు అసాధ్యం కనుకే ఈ వెతుకులాట.

1964లో ఈస్టర్ దీవి నుంచి కెనడా బృందం తెచ్చిన మట్టిలోని బ్యాక్టీరియా రాపమైసిన్‌కు మూలం. దీన్ని వేరుచేసిన బృందానికి నాయకుడు భారత సంతతి శాస్త్రవేత్త సురేంద్రనాథ్ సెహగల్. తాను పనిచేస్తున్న మందుల సంస్థ పరిశోధన ఆపేసినా ఆయన నమూనాను ఇంటి ఫ్రీజర్‌లో భద్రపరిచారు. ఆ పట్టుదలే లేకుంటే ఈ మందు లేదు. 1999లో అమెరికాలో మూత్రపిండ మార్పిడి రోగులకు దీన్ని వాడేందుకు అనుమతి లభించింది.

కణంలో పోషకాల లభ్యతను పసిగట్టే ఎంటార్ ప్రోటీన్‌ను ఇది అణచివేస్తుంది. దాంతో కణం ఎదుగుదల తగ్గించి, పాడైన భాగాలను శుభ్రం చేసుకుంటుంది. 2009లో వెలువడిన అధ్యయనంలో ఇరవై నెలల వయసులో మందు మొదలుపెట్టిన చిట్టెలుకల్లో గరిష్ఠ ఆయుష్షు ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. ఇదే ఆశతో వార్తల్లో మారుమోగిన రెస్వెరట్రాల్ అనే మరో పదార్థం మాత్రం అలాంటి పరీక్షల్లో నిలవలేదు.

నోటిపూత, రక్తంలో కొవ్వులు పెరగడం, రోగనిరోధకశక్తి తగ్గడం రాపమైసిన్ దుష్ప్రభావాలు. మనుషుల ఆయుష్షును పెంచుతుందని ఇంకా రుజువు కాలేదు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా వాడకూడదు.