దోర్నకల్‌లో ఆలుమగల బడి

1909లో దోర్నకల్ వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారికి తెలుగు మాతృభాష కాదు. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన పాస్టరు కొడుకు. వైఎంసీఏ కార్యదర్శి కొలువు వదిలేసి, నిజాం రాజ్యంలోని ఈ రైలు జంక్షన్‌లో కాపురం పెట్టారు. ఆయన్ని పంపింది తెల్లదొరలు కాదు, 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ చందాలతో నిలబెట్టుకున్న సొంత మిషనరీ సంఘం. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. ఆ ‘తొలి’ గురించి చాలామంది రాశారు. తెలుగు పల్లెల వైపు నుంచి చూస్తే, ఆయన దోర్నకల్‌లో నడిపిన గురువుల బడి అంతకంటే పెద్ద సంగతి.

అప్పటికే మాలపల్లెలు, మాదిగగూడేలు కుటుంబాలకు కుటుంబాలుగా క్రైస్తవంలో చేరుతున్నాయి. వాళ్లకు చెప్పేవాళ్లెవరు? ఇంగ్లీషులో వేదాంతం చదివి పట్నానికి అలవాటు పడినవాడు గూడెంలో పూరిపాక వేసుకుని ఉంటాడా? అందుకే అజరయ్య ఆ వాడల నుంచే మనుషుల్ని ఎంచుకుని తెలుగులో చదివించారు. ఇంకో అడుగు ముందుకేసి భార్యల్నీ రమ్మన్నారు. భర్త గురుపట్టానికి చదువుతుంటే భార్యకూ పాఠాలు ఉండేవి: చదవడం, రాయడం, బైబిలు, శుభ్రత, పిల్లల పెంపకం. అజరయ్య భార్య అన్బు మరియమ్మాళ్ స్త్రీల చదువును దగ్గరుండి చూసుకున్నారు. ఏ కులం ఆడదైనా అక్షరం నేర్వడమే అరుదైన రోజుల్లో, కూలి ఇంటి కోడలు పలక పట్టింది. తెలుగు స్త్రీల చదువు చరిత్రలో ఈ అధ్యాయానికి తగిన చోటు దక్కలేదు.

చదువు ముగించుకుని ఊరికి వెళ్లిన ఆ జంట అయ్యగారు, అమ్మగారు అయ్యారు. నిన్నటిదాకా ‘ఒరే’ అని పిలిపించుకున్న మనిషికి ‘గారు’ చేరింది. ఆదివారం ఆరాధన ఒక్కటే కాదు వాళ్ల పని. చాలా గూడేల్లో అయ్యగారు నడిపిన రాత్రిబడే మొదటి బడి. వచ్చిన ఉత్తరం చదవాలన్నా, అప్పు కాగితంలో ఏముందో తెలియాలన్నా, దరఖాస్తు రాయాలన్నా జనం వాళ్ల గుమ్మమే ఎక్కేవారు. కరణం చేతిలో ఉన్న అక్షరానికి ఊళ్లో రెండో చిరునామా దొరికింది. 1930ల నడుమకు అజరయ్య బిషప్పుగా ఉన్న దోర్నకల్ అధ్యక్ష మండలంలో గ్రామోపాధ్యాయులే వేల సంఖ్యలో ఉన్నారు.

ఈ పని ఒక్క దోర్నకల్‌దే కాదు. బాప్టిస్టులు 1870లలోనే రామాయపట్నంలో వేదాంత పాఠశాల పెట్టారు. గుంటూరులో లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో కవి గుర్రం జాషువా పనిచేశారు.

లోపాలు లేకపోలేదు. మాల, మాదిగ తగువు గుడిలోకీ వచ్చింది. పరాయి దేశపు డబ్బు మీద ఆధారపడటం పూర్తిగా పోలేదు. సామూహిక మతాంతరాలను గాంధీజీ గట్టిగా తప్పుపట్టారు, అజరయ్య తన పక్షం తాను వినిపించారు. ఆయన్ని విదేశీ పక్షపాతి అనడం మాత్రం తప్పు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవారిలో ఆయనా ఒకరు. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కథీడ్రల్‌లో దేవాలయపు స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసి కనిపిస్తాయి.

1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. ఆయన పాటుపడిన సంఘాల ఐక్యత 1947లో దక్షిణ ఇండియా సంఘంగా రూపుదిద్దుకుంది. తర్వాత వేర్వేరు సంఘాల వేదాంత పాఠశాలలు 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలగా ఏకమయ్యాయి. ఆ కళాశాల ఆ తర్వాత హైదరాబాదుకు మారింది.

సంఘాలు ఏకమైనా, గూడెం మాత్రం ఊరికి అవతలే ఉండిపోయింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారు, వారి సంతానం తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికీ బీసీ-సి జాబితాలోనే ఉన్నారు. రాత్రిబడి పెట్టిన అయ్యగారి మునిమనవడికి ఊరివాళ్లు గుర్తుపెట్టుకున్న కులం ఒకటి, ప్రభుత్వం రాసిచ్చే కాగితం మరొకటి. ఇది అన్యాయం, సరిదిద్దాల్సిందే.