చలిలో టైరు పట్టు

చలి వాతావరణంలో కార్ల టైర్లు, ముఖ్యంగా వేగం కోసం తయారైన కార్ల టైర్లు, రోడ్డు మీద పట్టు తప్పకుండా చూసేందుకు జరిగిన ప్రయత్నాలకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. మొదట్లో ఈ ప్రయత్నమంతా టైరు పైభాగాన్ని ఎలా చెక్కాలి, దానికి ఏం తగిలించాలి అన్న ఆలోచన చుట్టూనే తిరిగింది. రబ్బరు మిశ్రమమే కీలకమన్న ఎరుక బలపడడానికి చాలా కాలం పట్టింది.

టైరు పట్టు కేవలం రాపిడి కాదు. రోడ్డులోని కంకర మొనల మధ్యకు రబ్బరు ఒదిగి, కాస్త ఆలస్యంగా తిరిగి తన రూపానికి వస్తుంది. ఆ ఆలస్యంలో ఖర్చయ్యే శక్తే పట్టులో పెద్ద భాగం. ప్రతి మిశ్రమానికీ ఒక హద్దు ఉంటుంది. అంతకన్నా చల్లబడితే రబ్బరు గాజులా బిరుసెక్కుతుంది. వేసవి స్పోర్ట్స్ టైర్లలో ఈ హద్దు సున్నాకు దిగువనే ఉన్నా, చిక్కు అంతకు ముందే మొదలవుతుంది. వేగంగా దొర్లే టైరును కంకర మొనలు సెకనుకు వేల సార్లు పొడుస్తాయి. అంత త్వరత్వరగా పొడుస్తుంటే రబ్బరు తానున్న ఉష్ణోగ్రత కన్నా చల్లగా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. అందుకే మంచు జాడే లేని పొడి రోడ్డు మీద, 5 డిగ్రీల చలిలో, ఖరీదైన కారు వెనుక చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. 7 డిగ్రీల కన్నా చల్లబడితే శీతాకాలపు టైర్లు వేయాలని ఐరోపాలో అందరూ చెప్పుకునే ‘7 డిగ్రీల సూత్రం’ మోటు లెక్క మాత్రమే. టైరును బట్టి ఆ అంకె అటూ ఇటూ అవుతుంది.

తొలి ఉపాయం ఇనుప గొలుసు. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హ్యారీ వీడ్ 1904లో టైరుకు చుట్టే గొలుసులకు పేటెంట్ పొందాడు. 1920లలో జాన్ సైప్ అనే అమెరికన్ రబ్బరులో సన్నని చీలికలు కోసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. నేటి శీతాకాలపు టైర్ల మీద కనిపించే వంకర గీతలకు అతని పేరే మిగిలింది. శీతాకాలం కోసమే ప్రత్యేకంగా టైరు చేసిన ఘనత మాత్రం ఫిన్లాండుది. నేడు నోకియన్ టైర్స్‌గా ఉన్న సంస్థ 1934లో లారీల కోసం ‘కెలిరెంగాస్’ను, 1936లో కార్ల కోసం ‘లూమి హక్కపెలీట్టా’ను తెచ్చింది. లోతైన గాడులతో మంచును తవ్వుకుంటూ పోయే టైర్లివి.

1960లలో మేకుల టైర్లు ప్రాచుర్యంలోకి వచ్చాయి. గడ్డకట్టిన మంచు మీద వాటికి సాటి లేదు. కానీ మంచు లేని రోజుల్లో అవి రోడ్డునే తినేశాయి. పశ్చిమ జర్మనీ 1975లో వాటిని నిషేధించింది. జపాన్‌లో సెండై, సపోరో వంటి నగరాల్లో మేకులు గీరిన తారు ధూళిగా లేచి జనానికి ఊపిరాడనివ్వలేదు. అక్కడ 1990లో మేకుల టైర్లను కట్టడి చేసే చట్టం వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 1988లో, బ్రిడ్జ్‌స్టోన్ ‘బ్లిజాక్’ను విడుదల చేసింది. దాని రబ్బరులో సూక్ష్మమైన బుడగలుంటాయి. మంచు మీద ఏర్పడే పలచటి నీటిపొరను అవి పీల్చుకుంటాయి. మేకు చేసే పనిలో చాలా భాగం రబ్బరే చేయగలదని దీనితో తేలింది.

అంతకన్నా పెద్ద మార్పు సిలికా. టైరుకు నలుపునిచ్చే కార్బన్ బ్లాక్ స్థానంలో చాలా వరకు సిలికా కలిపిన టైర్లను మిషెలిన్ 1992లో మార్కెట్లోకి తెచ్చింది. ఉద్దేశం ఇంధనం పొదుపే అయినా, తడి రోడ్డు మీద, చలిలో పట్టు పెంచే వీలు కూడా దీనితో కలిగింది. శక్తిమంతమైన కార్లకు తగిన శీతాకాలపు టైర్లు రావడానికి దారి వేసింది ఈ రసాయనమే. అప్పటికే ఆ టైర్లలో రెండు సంప్రదాయాలున్నాయి. ఉత్తర ఐరోపా టైరు మెత్తగా, గంటకు 160 కి.మీ. వరకే అనుమతి ఉన్న ‘క్యూ’ తరగతిలోనో దానికి దగ్గర్లోనో ఉండేది. జర్మన్ ఆటోబాన్ మీద నడిచే కారుకు అది చాలదు. అందుకే ఆల్ప్స్ ప్రాంతపు టైర్లు ‘హెచ్’ (210), ‘వి’ (240) తరగతులకు, తర్వాత పిరెల్లి సొట్టోజీరో వంటివి ‘డబ్ల్యూ’ (270) దాకా ఎదిగాయి.

రేసు కార్లు వేరే దారి పట్టాయి. రబ్బరును మార్చడానికి బదులు దాన్ని ముందే వేడి చేశాయి. విద్యుత్ తీగలు కుట్టిన టైరు దుప్పట్లు 1980ల నుంచి ఫార్ములా వన్‌లో వాడుకలోకి వచ్చాయి. దుప్పట్లు లేని చోట చలి ఏం చేస్తుందో 1992 ఇండియానాపొలిస్ 500 చూపింది. అకాలపు చలిగాలిలో, పోల్ స్థానం సాధించిన రొబెర్టో గెరేరో, పోటీ మొదలుకాకముందే, పరేడ్ ల్యాపులో టైర్లు వేడెక్కించబోయి గోడను ఢీకొట్టాడు. ఆ రోజంతా ప్రమాదాలే. గెలిచిన ఆల్ అన్సర్ జూనియర్‌కూ రెండో వాడికీ తేడా 0.043 సెకను. 

విద్యుత్ పొదుపు పేరుతో వరల్డ్ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్ 2023లో దుప్పట్లను నిషేధించింది. ఏప్రిల్‌లో బెల్జియంలోని స్పా-ఫ్రాంకోర్‌షాంప్ చలిలో టొయోటా డ్రైవర్ బ్రెండన్ హార్ట్‌లీ క్వాలిఫయింగ్‌లో, ఫెరారీ డ్రైవర్ అంటోనియో ఫువోకో రేసులో పిట్ నుంచి వచ్చిన కాసేపటికే, చల్లని టైర్లతో కార్లను బద్దలుకొట్టుకున్నారు. జూన్‌లో లె మాన్ పోటీకి మినహాయింపు ఇచ్చి, ఆ తర్వాత మళ్లీ నిషేధాన్ని అమలు చేశారు. 2024లో దుప్పట్లు తీసేయాలన్న ఆలోచనను ఫార్ములా వన్ 2023 జూలైలోనే పక్కన పెట్టింది. దుప్పట్లు లేకపోతే ప్రమాదమన్న డ్రైవర్ల భయమే సరైనదని చెప్పాలి. రేసు ట్రాకులో అటూ ఇటూ పాములా నడిపితే టైర్లు వేడెక్కుతాయన్నది సగం నిజం. గట్టిగా బ్రేకు వేసి, తిరిగి వేగం పెంచితేనే వేడి లోపలికి దిగుతుంది.

రోడ్డు కారుకు టైర్లను అలా వేడెక్కించే వెసులుబాటు లేదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర పి.ఎస్.ఐ. తగ్గుతుంది, దాన్ని సరిచేయడం అవసరమే కానీ, గాలి కొట్టినంత మాత్రాన బిరుసెక్కిన రబ్బరు మెత్తబడదు. నాలుగు చక్రాల డ్రైవ్ ముందుకు లాగగలదు గానీ, మలుపు తిరగడానికీ ఆగడానికీ కావలసిన పట్టును పుట్టించలేదు. గడ్డకట్టే చలిలో కొన్ని ట్రాక్ టైర్ల రబ్బరు పగులుతుంది కూడా.

శీతాకాలపు టైరును గుర్తించడానికి 1999లో ఉత్తర అమెరికాలో వచ్చిన మూడు శిఖరాల మంచుపువ్వు గుర్తును, మంచు మీద పరీక్షలో నెగ్గిన టైర్లకే వేస్తారు. పాత ‘ఎం+ఎస్’ (బురద, మంచు) అక్షరాలకు అలాంటి పరీక్ష లేదు. కెనడాలోని క్విబెక్ 2008 నుంచి శీతాకాలపు టైర్లను తప్పనిసరి చేసింది. భారతీయ సంస్థ అపోలో 2009లో కొన్న డచ్ కంపెనీ వ్రెడెస్టైన్ కూడా ఈ టైర్లకు పేరున్నదే.

ఆంధ్రప్రదేశ్‌లోని లంబసింగి చలికి ఈ టైర్లు కొనవలసిన పని లేదు. డెట్రాయిట్‌లోనో టొరంటోలోనో వేసవి టైర్లతో స్పోర్ట్స్ కారు కొన్న తెలుగువారు మాత్రం తొలి మంచు పడే దాకా ఆగకుండా, మంచుపువ్వు గుర్తున్న నాలుగు టైర్లూ ఒకేసారి మార్పించుకోవాలి.