సాలూరు రాజేశ్వరరావు: బాణీకి ఆవల వాద్యబృందం

అరకు లోయ నెలకొన్న తూర్పు కనుమల శ్రేణిలోనే, కొండల పాదాన సాలూరు పట్టణం ఉంది. దానికి చేరువలోని శివరామపురంలో 1922లో రాజేశ్వరరావు జన్మించారు. ఆ కారణంగా ఆయన బాణీల్లో మన్యపు పాటల జాడ వెదకాలన్న ఉత్సాహం కలగడం సహజం. అయితే పుట్టిన ఊరు ఒక్కటే సంగీత ప్రభావానికి ఆధారం కాజాలదు. థింసా వాద్యాల మోతను ఆధారం లేకుండా ఆయన ఖాతాలో వేస్తే అటు గిరిజన కళకూ, ఇటు స్వరకర్తకూ అన్యాయమే జరుగుతుంది.

ఆయన తొలి గురుకులం ఇల్లే. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు, గేయరచయిత. బాల్యంలోనే గ్రామఫోన్ రికార్డులకు పాడిన రాజేశ్వరరావు 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’ చిత్రంలో బాలకృష్ణుడిగా నటించారు. ఆ తరువాత కలకత్తాలో పంకజ్ మల్లిక్, సైగల్ వంటివారి సాంగత్యం లభించింది. రాగాన్ని కచేరీ పద్ధతిలో విస్తరించక, భావానికి తగినంత మేరకే వాడుకొనే ధోరణి ఆయన లలితగీతాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

1940లో జెమినీ స్టూడియోలో చేరడంతో పెద్ద వాద్యబృందం ఆయనకు అందుబాటులోకి వచ్చింది. 1948 నాటి ‘చంద్రలేఖ’లో కర్ణాటక, హిందుస్తానీ రాగాల సరసన పాశ్చాత్య వాల్ట్జ్ నడకలూ వినిపిస్తాయి. ఆ చిత్రానికి పాటల బాణీలు రాజేశ్వరరావువి. నేపథ్య సంగీతం ఎం. డి. పార్థసారథిది. బి. ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ (1951)లోనూ ఇటువంటి శ్రమ విభజనే ఉంది. అందులో వాద్య సమ్మేళన బాధ్యతను అద్దేపల్లి రామారావు వహించారు.

మన విమర్శ ‘మల్లీశ్వరి’ గురించి మాట్లాడేటప్పుడు కృష్ణశాస్త్రి సాహిత్యాన్నీ, రాజేశ్వరరావు రాగాలనూ, భానుమతి, ఘంటసాల గాత్రాలనూ విస్తారంగా ప్రశంసిస్తుంది. అద్దేపల్లి పేరు మాత్రం తరచుగా ఒక వాక్యంతో ముగుస్తుంది. రాగాన్ని గుర్తించి పేరు పెట్టే పరిభాష మనకు సమృద్ధిగా ఉంది. వాద్యాల కూర్పును వర్ణించే పరిభాష అంతగా పెరగలేదు. ఈ ఉపేక్షకు అదొక ముఖ్య కారణం.

సాలూరు వారి కుటుంబమే ఇందుకు మరొక నిదర్శనం. రాజేశ్వరరావు కుమారుల్లో వాసూరావు, కోటి సంగీత దర్శకులయ్యారు. రామలింగేశ్వరరావు పియానో, పూర్ణచంద్రరావు గిటార్ వాద్యకారులుగా నిలిచారు. ప్రేక్షకులకు తెలిసింది ప్రధానంగా సంగీత దర్శకుల పేర్లే. 1999లో కన్నుమూసిన రాజేశ్వరరావు ఘనతను సరిగా అంచనా వేయాలంటే బాణీతో పాటు దాని చుట్టూ అల్లిన వాద్య రచననూ, దానిని పలికించిన చేతులనూ చరిత్రలో నమోదు చేయవలసి ఉంది.