కుక్కపిల్లల పెంపకము – అంధుల స్వేచ్ఛ



భారతకథ యారంభమునందే యొక కుక్కపిల్ల మనకు గనబడును. జనమేజయుడు దీర్ఘసత్రము సేయుచుండగా, దేవతల కుక్కయగు సరమయొక్క కుమారు డచ్చట నాడుకొనుచుండెను. రాజు తమ్ములు దానిని నిష్కారణముగా గొట్టిరి. తల్లి వచ్చి, నిరపరాధిని గొట్టినవారికి అనుకొనని భయము కలుగునని హెచ్చరించి పోయెను. కుక్కకు సారమేయమను పేరు ఆ సరమవలన వచ్చినదే. కుక్కపిల్లను గొట్టక, ఆదరించి, వెంటబెట్టుకొని తిప్పి పెంచినచో నెంతటి కార్యము సిద్ధించునో తెలుపు చరిత్ర మొకటి గత శతాబ్దమున పాశ్చాత్యదేశములయందు జరిగినది. దానిని నేడు మనవి చేసెదను.

1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమునందు విషవాయువులచేతను, ఫిరంగిగుండ్లచేతను వేలకొలది సైనికులు చూపు గోల్పోయిరి. జర్మనీదేశపు వైద్యుడగు గెర్హార్డు స్టాలింగు ఒకనాడు తన కుక్కను చూపులేని రోగియొద్ద విడిచి పోయి, తిరిగివచ్చునప్పటికి ఆ కుక్క యతనిని కాపాడుచుండుట చూచె నందురు. 1916లో ఓల్డెన్‌బర్గు పట్టణమున నాయన అంధులకు దారిచూపు కుక్కల శిక్షణాలయమును నెలకొల్పెను. 1923లో పోట్స్‌డాము నందు మఱియొకటి వెలసినది.

డొరొతీ యూస్టిసను అమెరికా వనిత స్విట్జర్లండునందు కుక్కలను బెంచుచుండెడిది. ఆమె పోట్స్‌డాము శిక్షణాలయమును జూచి, 1927 నవంబరులో నొక అమెరికా పత్రికకు వ్యాసము వ్రాసెను. నాష్‌విల్ పట్టణవాసియు అంధుడునగు మారిస్ ఫ్రాంకు అనుయువకునకు తండ్రి దానిని చదివి వినిపించెను. ఇతరుల చేయి పట్టుకొని నడచుటతో విసిగిన యా యువకుడు 1928లో స్విట్జర్లండు చేరి, బడ్డీ యను ఆడుకుక్కతో గలసి నడక యభ్యసించి, స్వదేశమునకు మరలెను. న్యూయార్కు నగరమున వాహనములు క్రిక్కిరిసిన వీథిని, పత్రికావిలేఖరులు చూచుచుండగా, బడ్డీతో దాటెను. మఱుసటి సంవత్సరము జనవరిలో 'సీయింగ్ ఐ' యను సంస్థ యేర్పడెను. ఇంగ్లండునందు తొలి నాలుగు కుక్కలు 1931లో శిక్షణ ముగించుకొని తమ యజమానులతో గలిసి నడచినవి.

తొలిదినములలో శిక్షణాలయములవారు చాలవఱకు పెరిగి పెద్దయైన కుక్కలనే సేకరించెడివారు. అందు పెక్కు పనికిరాక పోయెడివి. బండిచప్పుడునకు బెదరునవి కొన్ని, పిల్లిని జూచి పరుగిడునవి కొన్ని. "మొక్కై వంగనిది మానై వంగునా" యని మన పెద్దలు చెప్పినమాట వారికి ననుభవమున దెలిసినది. అందుచేత 1942లో న్యూజెర్సీయందు 'ఫోర్-హెచ్' అను సంఘమునకు జెందిన బాలబాలికల యిండ్లకు పిల్లలనిచ్చి పెంపించుట మొదలిడిరి. ఇంగ్లండునందు ఈ పద్ధతి 1956లో నారంభమయ్యెను. అచ్చటివారు పెంచువారిని "పిల్లను నడిపించువారు" అనియే పిలిచిరి. పేరునందే విద్యయంతయు నిమిడియున్నది.

ఏడెనిమిది వారముల పిల్లను తల్లినుండి తెచ్చి యొక గృహస్థునకు నిత్తురు. తగిన టీకాలు వేయించి, క్రమముగా వ్యాహ్యాళికి గొంపోవుదురు. మొదట ఇంటిముందఱి వీథి, పిమ్మట అంగడి, రైలుస్టేషను, మెట్లు, వాన, జనసమ్మర్దము. త్రాటిని లాగకుండ ప్రక్కను నడచుట, పిలిచిన వచ్చుట, దారిలోని యెంగిలిని ముట్టకుండుట నేర్పుదురు. ఒకేసారి ఎక్కువదూరము నడిపింపరు. బెదరినచో బలవంతముగా నీడ్వక, దూరమున నిలిచి, ధైర్యము చిక్కిన పిదప ముందునకు నడిపింతురు. సరిగా జేసిన వెంటనే మెచ్చుకొందురు. దెబ్బకు భయపడిన కుక్క చేతిని జూచి నడచునేకాని దారిని జూచి నడువదు. అంధునకు గావలసినది దారిని జూచు కుక్క!

1961లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన దీనిని బలపఱచినది. పదునాలుగు వారములవఱకు మనుష్యసంపర్కము లేక పెరిగిన కుక్కపిల్లలు అడవిమృగములవలె మనుష్యుని జూచి పాఱిపోయినవి. బాల్యమున జేయవలసిన మచ్చికను పిమ్మట జేయుట మిక్కిలి కష్టము.

ఏడాది దాటిన పిదప ఆ కుక్కను శిక్షణాలయమునకు దిరిగి యీయవలయును. అచ్చట కొన్ని మాసములు తోలుజీను దొడిగి అసలు విద్య గఱపుదురు. అందు గొప్పది ఆజ్ఞను ధిక్కరించు విద్య. యజమాని ముందునకు బొమ్మన్నను, ఎదుట గోతియో, బండియో యున్నచో కుక్క కదలదు. పెంచినవారు మాత్రము కన్నీటితో ఇంటికి బోవుదురు. ఆడుబిడ్డను అత్తవారింటికి బంపిన మనకు ఆ బాధ తెలియనిది కాదు. అయినను వారిలో ననేకులు మఱల నొక పిల్లను దెచ్చుకొందురు. ఎవ్వరో ముక్కుమొగ మెఱుగని యంధుడు ఒంటరిగా వీథి దాటుటకై చేయు దానమది.

గ్రామపెద్దలారా! మన వాడలలో పుట్టు కుక్కపిల్లలు అంధులకు దారిచూపనక్కఱలేదు. అయినను ఱాళ్ల దెబ్బలు తిని పెరిగిన కుక్కయే ఎక్కువగా గఱచుననుట మఱువరాదు. పెంచదలచినవారు చిన్ననాటనే పశువైద్యునిచే వెఱ్ఱికుక్క వ్యాధికి టీకా వేయించి, దినమునకు రెండుమాఱులు త్రాటితో బయట ద్రిప్పి, పిల్లలను, పశువులను, బండ్లను జూచి బెదరకుండ నలవాటు సేయుడు. కుక్క గఱచినచో పసరుమందులు పూయక, గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే వైద్యశాలకు బోయి సూదిమందు వేయించుకొనుడు. ఱాయి విసరు బాలుని చేతికి త్రాటినిచ్చి పిల్లను నడిపింపుమని చెప్పుడు. ఆ నడకలో కుక్కకు నోరిమి పట్టుబడును, బాలునకు దయ యలవడును.