మార్లవాయి బడి నుంచి జీవో నంబర్ 3 దాకా

ఏటా జనవరి 11న మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల వర్ధంతికి మనవాళ్లు చాలామంది వెళ్తారు. సమాధుల మీద పూలు పెట్టి, ఫొటోలు దిగి వస్తారు. ఆ ఊళ్లో ఒకప్పుడు పంతుళ్లను తయారుచేసిన బడి ఒకటి నడిచిందని మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. నాకైతే ఆ బడే పెద్ద కథ.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మన మధ్యే నివాసం పెట్టారు. అడవిని రిజర్వు చేసి గీత గీస్తే తాతల నాటి చేలు ఆ గీత లోపల పడ్డాయి. దున్నేది గోండు, పట్టా బయటివాడిది. పట్వారీ ఏం రాశాడో, షావుకారు దేనిమీద వేలిముద్ర వేయించుకున్నాడో చదివి చెప్పేవాడు ఊళ్లో లేడు. కాబట్టి భూమితో పాటు అక్షరమూ కావాలని ఆయన పట్టుబట్టాడు.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. చదువుకున్న గోండులు దొరకడమే కష్టంగా ఉన్న రోజులు. అక్షరాలు కాస్తోకూస్తో వచ్చిన కొద్దిమంది యువకులను పోగుచేసి, వాళ్లనే పంతుళ్లుగా తీర్చిదిద్దారు. వాచకాలు గోండిలో రాయించి దేవనాగరి లిపిలో అచ్చువేశారు. ఆ కాస్త చదువు వచ్చినవాళ్లకు తెలిసింది మరాఠీ మరి! పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటనే పలక మీద మొదట చూశాడు, మిగతా భాషలు ఆ తర్వాత నేర్చాడు. పంతులు కూడా ఆ పిల్లవాడి మేనమామలాంటివాడే. దండారి ఎప్పుడో, పెర్సాపేన్ పూజ ఎప్పుడో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇదంతా నిజాం దయ అనుకోకండి తమ్ముళ్లూ. జోడేఘాట్ జరగకపోతే మార్లవాయి బడీ లేదు, ఆ తర్వాత లావుణీ ఖాస్ కింద మనకు దక్కిన పట్టాలూ లేవు.

ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవలేదు. రాజ్యం మారింది, రాష్ట్రం మారింది, బడి భాష తెలుగయింది. గోండి ఇంటికే పరిమితమైంది. మైదానం నుంచి వచ్చే పంతుళ్లకు ఏజెన్సీ శిక్షలా కనిపించింది. వానాకాలంలో వాగు పొంగితే బడికి తాళం, వాగు తగ్గినా చాలాచోట్ల తాళమే. వచ్చిన పంతులు మాట పిల్లలకు అర్థంకాదు, పిల్లల మాట పంతులుకు అర్థంకాదు. చివరికి పిల్లలు చదువు మానేస్తే "వీళ్లకు చదువంటే ఇష్టం లేదు" అని రాసుకున్నారు. ఆ మాట ఇప్పటికీ వింటుంటాం.

షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులు స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 1986లో జీవో 275 వచ్చింది. అది కోర్టుల్లో చిక్కుకున్నాక, 2000 జనవరి 10న అదే ఉద్దేశంతో జీవో నంబర్ 3 తెచ్చారు. దానికి ప్రభుత్వం చూపిన ముఖ్య కారణం ఏజెన్సీలో పంతుళ్లు బడికి రాకపోవడం. అంటే మార్లవాయిలో 1943లో తెలిసిన సంగతిని ప్రభుత్వం మళ్లీ ఒప్పుకోవడానికి నాలుగు దశాబ్దాలు దాటింది. ఈ జీవోతో ఉద్యోగం పొందిన అక్కలూ అన్నలూ మీలో చాలామందికి అ ఆలు దిద్దించి ఉంటారు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ జీవోను కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదనీ, మిగతావాళ్లకు అసలు అవకాశమే లేకుండా చేయకూడదనీ చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉండే గిరిజనులకూ ఇది అన్యాయమేనంది. ఆ చివరి మాటను మనం తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ కోర్టు లెక్క పోస్టులది. బడిలో తన భాష వినపడని ఆరేళ్ల పిల్ల లెక్క వేరు, ఆ పిల్లకు ఈ శాతాలతో పనిలేదు.

అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లను షరతులతో కొనసాగనిచ్చారు. ఇప్పుడు వాళ్లు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. ఆ ఖాళీల్లోకి గోండి, కొలామీ, కోయ మాట్లాడే పంతుళ్లు వస్తారన్న హామీ మాత్రం ఆ తీర్పు తర్వాత లేదు.