వాలు మీద నగరం: కింగ్‌స్టన్ చరిత్రలో భూగోళం

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌ను గురించి రాసేవారు సాధారణంగా రెండు కథల్లో ఒకదాన్ని ఎంచుకుంటారు. మొదటిది సముద్రపు దొంగల పోర్ట్ రాయల్‌తో ప్రారంభమై, పాపానికి శిక్షగా వచ్చిన భూకంపంతో ముగుస్తుంది. రెండవది రెగె సంగీతంతో ప్రారంభమై తుపాకీ కాల్పులతో ముగుస్తుంది. రెండింటిలోనూ నగరం నిలబడిన నేల కనిపించదు. ఆ నేలను ఆధారం చేసుకుని కింగ్‌స్టన్ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉత్తరాన కొండలకు, దక్షిణాన సముద్రానికి నడుమ ఏటవాలుగా పరచుకున్న నగరమిది. మూడు శతాబ్దాలకు పైగా, ప్రతి పెద్ద విపత్తు తరువాత, ప్రతి పెద్ద రాజకీయ మార్పు తరువాత, స్తోమత గలవారు ఆ వాలు వెంట కొంత పైకి జరుగుతూ వచ్చారు. స్తోమత లేనివారు దిగువన మిగిలారు. నేటి జమైకా వాడుకలోని 'అప్‌టౌన్', 'డౌన్‌టౌన్' అనే మాటలు చోటుతో పాటు వర్గాన్నీ, చాలావరకు చర్మపు రంగునూ సూచిస్తాయి.

నది తెచ్చిన నేల

కింగ్‌స్టన్‌కు ఈశాన్యంగా బ్లూ మౌంటెన్ శ్రేణి ఉంది. దాని శిఖరం ఎత్తు 2,256 మీటర్లు. ఆ కొండల నుంచి దిగే హోప్ నది వేల ఏళ్ళుగా మోసుకొచ్చిన రాళ్ళు, కంకర, ఇసుక విసనకర్ర ఆకారంలో పరచుకోగా లిగ్వనియా మైదానం ఏర్పడింది. మైదానం అన్నామే గాని, అది కొండ పాదం నుంచి రేవు దాకా ఎడతెగకుండా దిగుతూనే ఉంటుంది. సముద్రంలో కలిసిన ఇసుకను అలలు పడమటికి నెట్టుకుపోయి, అక్కడక్కడా ఉన్న చిన్న దిబ్బలను కలిపి, పాలిసాడోస్ అనే సన్నని ఇసుక తిన్నెను కట్టాయి. ఆ తిన్నె సముద్రానికి అడ్డుగా నిలిచినందువల్లనే లోపల విశాలమైన సహజ నౌకాశ్రయం ఏర్పడింది. అంటే ఊరు కట్టుకునే మైదానమూ, ఓడలను కాచే తిన్నె కూడా చాలావరకు కొండల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రే. కరేబియన్ భూఫలకపు ఉత్తరపు అంచు ఈ దీవి మీదుగానే సాగుతుంది. వదులైన ఒండ్రు, దాని కింద కదిలే పగుళ్ళు. ఈ రెంటి కలయికే కింగ్‌స్టన్ భౌగోళిక జాతకం.

పోర్ట్ రాయల్

1655లో ఇంగ్లీషువారు జమైకాను స్పెయిన్ నుంచి స్వాధీనం చేసుకున్నారు. స్పెయిన్‌వారి రాజధాని లోపలి మైదానంలో ఉండేది. తరువాతి కాలంలో దానికి స్పానిష్ టౌన్ అనే పేరు స్థిరపడింది. సముద్రాన్ని నమ్ముకున్న ఇంగ్లీషువారు పాలిసాడోస్ తిన్నె పడమటి కొసన కోట కట్టి, దాని చుట్టూ పోర్ట్ రాయల్ పట్టణాన్ని పెంచారు. అక్కడ తాగునీరు లేదు. నౌకాశ్రయం అవతల ఉన్న రియో కోబ్రె నది నుంచి పడవల్లో తెచ్చుకోవలసిందే. అయినా మూడు దశాబ్దాల్లో అది కరేబియన్‌లోని ఇంగ్లీషు పట్టణాల్లో అత్యంత సంపన్నమైనదయింది. స్పెయిన్ ఓడలను కొల్లగొట్టిన హెన్రీ మోర్గన్ సర్ బిరుదు పొంది, ఇదే దీవికి లెఫ్టినెంట్ గవర్నరయ్యాడు. లండన్ తరహాలో ఇటుకలతో అంతస్తులు లేపిన ఇళ్ళు తిన్నె మీద కిక్కిరిశాయి. వాటి కింద ఉన్నది దాదాపు 20 మీటర్ల లోతు దాకా నీటితో నానిన ఇసుక.

1692 జూన్ 7న, మధ్యాహ్నానికి కొద్దిగా ముందు భూమి కంపించింది. నానిన ఇసుక కుదుపుకు ద్రవంలా మారింది. ఇళ్ళు, వీధులు, మనుషులు నిలువునా దిగబడ్డారు. పట్టణంలో సుమారు మూడింట రెండు వంతులు నౌకాశ్రయంలో మునిగిపోయింది. మరమ్మత్తుకు ఒడ్డున వాల్చి ఉంచిన 'స్వాన్' అనే యుద్ధనౌకను అల ఎత్తి ఇళ్ళ మీదుగా తీసుకుపోయింది. దాదాపు 2,000 మంది అక్కడికక్కడే మరణించారు. తరువాతి వారాల్లో వ్యాధులు ఇంచుమించు అంతమందినీ బలిగొన్నాయి. 1959లో ఎడ్విన్ లింక్ బృందం నీటి అడుగున జరిపిన అన్వేషణలో ఒక జేబు గడియారం దొరికింది. దాని ముళ్ళు ఆగిన సమయం 11:43 గంటలు.

నాటి మతబోధకులు దీన్ని దైవశిక్షగా ప్రకటించారు. 'లోకంలోకెల్లా పాపిష్ఠి నగరం' అనే పేరు అప్పటి నుంచి పోర్ట్ రాయల్‌ను వీడలేదు. పర్యాటక ప్రచారానికి కూడా ఇవాళ అదే పనికొస్తున్నది. ఈ కథనంలోని లోపం అది మతపరమైనది కావడంలో లేదు. తాగుడు, జూదం, వ్యభిచారం, ఓడదోపిడీ అని పాపాల పట్టిక చదివేవారు ఆ రేవులో దిగిన బానిసల ఊసెత్తరు. మునిగిన వారిలో తమ ఇష్టంతో ఆ తిన్నె మీదికి రాని ఆఫ్రికన్లు ఎందరో ఉన్నారు. దోపిడీ ఓడల కథ ఎంత రంజుగా చెప్పుకుంటే బానిస ఓడల కథ అంత వెనక్కు పోతుంది.

దొడ్డి నుంచి పట్టణం

ప్రాణాలతో బయటపడినవారు నౌకాశ్రయం దాటి ఎదుటి ఒడ్డు చేరారు. కర్నల్ బ్యారీ అనే వ్యక్తి పందులను పెంచిన స్థలంగా ఆ చోటుకు పేరు. గుడారాల్లో, పాకల్లో జ్వరాలతో మగ్గుతున్న ఆ జనం కోసం దీవి పాలకమండలి అక్కడ 200 ఎకరాలు కొని పట్టణానికి నిర్ణయం చేసింది. జాన్ గాఫ్ గీసిన పటంలో వీధులు ఒకదానినొకటి నిలువుగా కోసుకుంటూ చదరంగపు బల్లలా ఉంటాయి. నడుమ పరేడ్ అనే మైదానం, అక్కడి నుంచి రేవు దాకా తిన్నగా దిగే కింగ్ వీధి. అయితే సంపన్నులు వెంటనే కదలలేదు. పోర్ట్ రాయల్‌లో మిగిలిన ముక్క మీదనే మళ్ళీ ఇళ్ళు కట్టారు. 1703లో అగ్నిప్రమాదం ఆ ముక్కను కూడా దహించిన తరువాతనే కింగ్‌స్టన్ నిజంగా పట్టణమయింది.

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ రేవు సంపాదన ప్రధానంగా బానిస వ్యాపారమే. బ్రిటిష్ చట్టం 1807లో ఆ వ్యాపారాన్ని నిషేధించేనాటికి జమైకాలో దిగిన ఆఫ్రికన్ల సంఖ్య దాదాపు పది లక్షలు. వారిలో అత్యధికులు మొదట అడుగుపెట్టినది కింగ్‌స్టన్‌లో. స్పెయిన్ వలసలకు బానిసలను సరఫరా చేసే గుత్త హక్కు 1713లో ఇంగ్లండుకు దక్కడంతో, ఇక్కడ దిగిన వారిలో కొందరిని తిరిగి ఓడలెక్కించి అమెరికా ప్రధాన భూభాగానికి పంపేవారు. ఆ వ్యాపారంలో ఆరితేరిన థామస్ హిబ్బర్ట్ 1755లో డ్యూక్ వీధిలో ఒక భవనం కట్టించాడు. రాజధాని కింగ్‌స్టన్‌కు మారిన తరువాత, 1960 దాకా, జమైకా శాసనసభ సమావేశమైనది ఆ ఇంట్లోనే. బానిసల వారసులు వయోజన ఓటుహక్కుతో ఎన్నుకున్న సభ్యులు బానిసల వర్తకుడి మేడలో కూర్చుని చట్టాలు చేశారన్న సంగతి ఏ పాఠ్యపుస్తకమైనా మొదటి పుటలో చెప్పదగినది.

వర్తకుల దుకాణాలు రేవు వద్ద ఉన్నా, వారిలో ధనికుల మనసు పైమైదానం మీదే ఉండేది. అక్కడ పశువులను మేపే దొడ్లను జమైకాలో 'పెన్' అంటారు. వేడిమి నుంచి, జ్వరాల నుంచి తప్పించుకోవడానికి వర్తకులు ఆ పెన్‌లలో ఇళ్ళు కట్టుకుని, గుర్రపుబళ్ళలో కిందికి వచ్చిపోయేవారు. ఇవాళ్టి నగరపు పేటల పేర్లలో ఎన్నో ఆనాటి దొడ్ల పేర్లే. ట్రెంచ్ టౌన్ కూడా ఒకప్పటి ట్రెంచ్ పెన్.

రాజధాని

చెరకు తోటల యజమానులకు స్పానిష్ టౌన్, వర్తకులకు కింగ్‌స్టన్ పెట్టని కోటలు. గవర్నర్ చార్లెస్ నోల్స్ 1755లో రాజధానిని కింగ్‌స్టన్‌కు మార్చగా, తోటల యజమానుల ఒత్తిడికి బ్రిటిష్ ప్రభుత్వం 1758లో దాన్ని రద్దుచేసింది. శాశ్వతంగా మార్చినవాడు సర్ జాన్ పీటర్ గ్రాంట్, 1872లో. భారతదేశ చరిత్ర చదివినవారికి ఇతడు కొత్త కాడు. నీలిమందు రైతుల తిరుగుబాటు కాలంలో బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ ఇతడే. 1865లో మొరాంట్ బే తిరుగుబాటును రక్తంలో ముంచిన తరువాత జమైకా శాసనసభ తనను తాను రద్దు చేసుకుంది. ఆ ఖాళీలోకి వచ్చిన గ్రాంట్‌కు ఎదురుచెప్పే తోటల యజమానుల సభ లేదు. ఒక నగరానికి రాజధాని హోదా దక్కడం ఆ దేశపు ప్రాతినిధ్య సంస్థ అంతరించడం మూలంగా సాధ్యపడిందన్నమాట.

భారతీయుల ప్రస్తావన ఇక్కడే చేయాలి. 1845 నుంచి 1917 వరకు సుమారు 36 వేల మంది ఒప్పంద కూలీలుగా జమైకా చేరారు. అధికభాగం కలకత్తా రేవులో ఓడ ఎక్కిన ఉత్తరాదివారు; తొలి ఏళ్ళలో మద్రాసు నుంచి కూడా కొందరు వచ్చారు. గయానాలో, గ్వాదలూప్‌లో వలె ఇక్కడ దక్షిణాది సంప్రదాయం నిలదొక్కుకోలేదు. ఒప్పందం తీరినవారిలో కొందరు కింగ్‌స్టన్ పడమటి అంచులో కూరగాయలు పండిస్తూ స్థిరపడ్డారు. వారి వెంట వచ్చిన 'గంజా' అన్న మాట మాత్రం మన 'గంజాయి'కి తోబుట్టువుగా, జమైకా ప్రజలందరి నోటా నిలిచింది.

1907

1907 జనవరి 14 మధ్యాహ్నం మూడున్నర గంటలకు వచ్చిన భూకంపం ఇటుక కట్టడాల నగరాన్ని కూల్చింది. వెంటనే లేచిన మంటలు రేవు పక్కనున్న వాణిజ్య వీధులను కాల్చివేశాయి. సుమారు 48 వేల జనాభాలో వెయ్యి మంది దాకా మరణించారు. సహాయానికి దిగిన అమెరికన్ నౌకాదళ సైనికులను గవర్నర్ స్వెటెన్‌హామ్ వెళ్ళిపొమ్మనడం, ఆ రభస చివరకు అతని పదవి ఊడేదాకా పోవడం బాగా తెలిసిన ఘట్టం. అంతకన్నా ఆలోచింపజేసేది బీమా వివాదం. భూకంపం వల్ల పుట్టిన మంటలకు పరిహారం లేదని ఒప్పందాల్లో ఉంది. కాబట్టి నిప్పు ముందా, కంపం ముందా అన్న ప్రశ్న న్యాయస్థానాలకెక్కింది. రెండు శతాబ్దాల క్రితం విపత్తుకు కారణం వెదికినవారు పాపాన్ని లెక్కించారు; ఈసారి నిమిషాలను లెక్కించారు. దిగబడే నేల సంగతి రెండుసార్లూ వెనకబడింది. పోర్ట్ రాయల్‌లో ఆ రోజు ఇసుకలోకి ఒరిగిన ఆయుధాల గిడ్డంగి ఒరిగినట్లే ఇప్పటికీ ఉంది. 'గిడ్డీ హౌస్' పేరుతో పర్యాటకులు అందులో తూలుతూ నడిచి నవ్వుకుంటారు.

దిగువ పట్టణాన్ని కాంక్రీటుతో తిరిగి కట్టారు. అయితే కాపురాలకు వెనక్కు రావలసిన అవసరం ధనికులకు అప్పటికే లేదు. 1876లో కంచరగాడిదలు లాగే ట్రాములు మొదలయ్యాయి. 1899లో విద్యుత్ ట్రాములు వచ్చాయి. పట్టాలు హాఫ్ వే ట్రీ మీదుగా కొండ పాదం దాకా సాగడంతో మధ్యతరగతి కూడా వాలు ఎక్కింది. 1923లో నగరాన్ని, పైనున్న సెయింట్ ఆండ్రూను ఒకే పాలన కిందికి తెచ్చారు. పాలన ఒకటయింది గాని బ్రతుకులు ఒకటి కాలేదు.

పడమటి దిగువ

ఖాళీ అయిన దిగువకు పల్లెల నుంచి జనం వచ్చి చేరారు. చెరకు కూలి పడిపోయిన కాలమది. పడమటి తీరంలో నగరపు చెత్త పోసిన చోట, ఆ చెత్త మీదనే గుడిసెలు లేచాయి. 'డంగిల్' అని పిలిచిన ఆ వాడను ఓర్లాండో ప్యాటర్సన్ 1964లో వెలువడిన 'ది చిల్డ్రన్ ఆఫ్ సిసిఫస్' నవలకు రంగస్థలం చేశాడు. 1938లో రేవు కార్మికుల సమ్మె నగరాన్ని స్తంభింపజేసింది. అందులో నుంచే కార్మిక సంఘాలు, రెండు ప్రధాన రాజకీయ పక్షాలు బలపడ్డాయి; 1944లో వయోజన ఓటుహక్కు వచ్చింది. 1940లలో ప్రభుత్వం ట్రెంచ్ టౌన్‌లో ఉమ్మడి ముంగిలి చుట్టూ గదులతో ఇళ్ళు కట్టింది. కుళాయి, వంటిల్లు అందరివీ. జమైకా సంగీతంలో ఎంతభాగం ఆ ముంగిళ్ళలో పుట్టిందో చెప్పనక్కరలేదు.

ఓటు వచ్చాక ఇల్లు ఓటుకు వెలగా మారింది. 1966లో బ్యాక్-ఓ-వాల్ మురికివాడను యంత్రాలతో నేలమట్టం చేసి, ఆ స్థలంలో టివోలీ గార్డెన్స్ నిర్మించారు. కొత్త ఇళ్ళు అధికార పక్షం అనుయాయులకు దక్కాయి. తరువాత రెండో పక్షం కూడా తన పేటలను తాను కట్టుకుంది. 1980 ఎన్నికల ఏట వందలాది మంది హతులయ్యారు. 2010 మేలో టివోలీ గార్డెన్స్‌లో భద్రతాదళాల దాడిలో చనిపోయినవారు డెబ్బైకి పైగా. ఈ హింసను పేదల స్వభావానికి అంటగట్టే వ్యాఖ్యలు కోకొల్లలు. ఇళ్ళ పంపకం ఎవరి చేతిలో ఉందో చూసినవారు ఆ మాట అనరు.

అదే దశాబ్దంలో దిగువ పట్టణానికి మరో దెబ్బ తగిలింది. ఓడలు నిలిచే వంతెనలు కింగ్ వీధి చివరి నుంచి పడమట పూడ్చిన నేల మీది న్యూపోర్ట్ వెస్ట్‌కు మారాయి. బ్యాంకులు, హోటళ్ళు ఒకప్పటి గుర్రప్పందేల మైదానంలో వెలసిన న్యూ కింగ్‌స్టన్‌కు ఎక్కాయి. కూలీకి నడిచిపోయే దూరంలో ఉన్న రేవు పోయింది. ట్రెంచ్ టౌన్ నుంచి కీర్తి సంపాదించిన బాబ్ మార్లే సైతం 1970లలో నివసించినది హోప్ రోడ్డులో. అమెరికా ఖండంలో సంపాదించిన సొమ్ముతో జార్జ్ స్టీబెల్ అనే మిశ్రమ జాతీయుడు 1881లో కట్టిన డెవన్ హౌస్ ఉన్నది ఆ దారిలోనే. గెలిచినవాడు ఎక్కవలసిన వాలు శతాబ్దం గడిచినా మారలేదు.

మనుషులు పైకి పోయారు గాని నీరు కిందికే వస్తుంది. వరదలను అరికట్టడానికి ఇరవయ్యో శతాబ్దం నడుమ కాంక్రీటుతో కట్టిన శాండీ గల్లీ అనే పెద్ద కాలువ ఎగువ పేటల వాననీటినీ మురుగునూ హంట్స్ బేలో కలుపుతుంది. వాన కురిసిన మరునాడు ప్లాస్టిక్ తేలేది చేపలు పట్టేవారి గుమ్మం ముందు.

2025 జూలైలో యునెస్కో పోర్ట్ రాయల్ పురావస్తు సముదాయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పట్టణంలో అధికభాగం ఇంకా నీటి అడుగునే ఉంది. పైన మిగిలినది ఒక చిన్న జాలరి ఊరు. నగరాన్ని, ఆ ఊరిని కలిపే పాలిసాడోస్ తిన్నె మీదనే కింగ్‌స్టన్ విమానాశ్రయం ఉంది. 2004లో ఐవన్, 2007లో డీన్ తుపానులు ఆ దారిని ఇసుకతో కప్పివేయగా, తరువాత రోడ్డు ఎత్తు పెంచి, సముద్రం వైపు బండరాళ్ళు పేర్చారు.